పెద్దమ్మ గోళీలు, పెద్దమ్మ కుట్లు

మా పెద్దమ్మ పోయి ఇరవై రోజులు దాటింది. పొద్దున అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతూ పక్కకు ఒరిగిందట. పెనుబల్లి ఆసుపత్రి దాకా ఆటోలో తీసుకెళ్లేలోపే అయిపోయింది. గుండెపోటు అన్నారు. నేనప్పుడు ఖమ్మంలో నా గది కింద టిఫిన్ బండి దగ్గర నిలబడి ఉన్నాను. అమ్మ ఫోన్ చేసి "పెద్దమ్మ లేదే" అని మాత్రం అంది. ఇడ్లీ పొట్లం చేతిలో అలాగే పట్టుకుని బస్సెక్కాను.

నేను ఊరు చేరేసరికి వాకిట్లో తీర్పు తయారుగా ఉంది.

"ఇరవై ఏండ్లు మింగింది గదా. ఆ గోళీలే లోపలంత తినేసినయి."

"అవ్, తల మందులు గట్లనే జేస్తయి."

గోడవతలి ఇంటి వదిన చంటిపిల్లను ఎత్తుకుని ఆ మాటలు వింటూ నిలబడింది. ఆరు నెలలుగా ఆమె కూడా గోళీలు వేసుకుంటోంది. కాన్పయ్యాక ఆమె పిల్లను చేతికివ్వబోతే వద్దనేది, తిండి ముట్టేది కాదు, ఊరికే ఏడ్చేది. పట్టుబట్టి ఖమ్మం తీసుకెళ్లింది మా పెద్దమ్మే. పెద్దకర్మ అయిన మరునాడు వదిన నాతో మెల్లగా చెప్పింది: "నేను గోళీలు బంద్ పెట్టిన, పిల్లా. రెండు దినాలైంది."

పెద్దమ్మ గురించి రాయాలని ఆ రోజే అనుకున్నాను. ఆమెను గోళీలు మింగిన మనిషిగా అందరూ చూశారు. ఆ గోళీలను ఆమె ఎంత పరీక్షగా మింగిందో మాత్రం మా ఇంట్లో వాళ్లకు కూడా సరిగ్గా తెలియదు.

ఆమె జబ్బు నాకు లీలగా గుర్తుంది. నేను రెండో తరగతిలో ఉన్నాను. నాలుగు రోజులు నిద్రపోలేదు. మాట ఆపలేదు. బీరువాలో చీరలన్నీ దారిన పోయేవాళ్లకు పంచిపెట్టి, కాళ్లకు చెప్పులు లేకుండా అడవి తోవ పట్టింది. పశువులు కాసేవాళ్లు చూసి వెనక్కి తెచ్చారు. ఆ తర్వాత రెండు నెలలు తల దువ్వుకోవడానికి కూడా లేవలేదు. గాలి సోకిందన్నారు, తాయెత్తులు కట్టించారు. చివరికి పెదనాన్న ఖమ్మంలో మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె లిథియం గోళీలు రాసింది. కొన్ని వారాలకు ఒక పొద్దున పెద్దమ్మ లేచి, "ఇల్లంత గిట్ల బెట్టిన్రేంది" అని చీపురు పట్టుకుందట. పెదనాన్న ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా చీపురు దగ్గరికి వచ్చేసరికి ఆమె దాన్ని పట్టిన తీరు చేత్తో చూపించేవాడు.

మందు పనిచేసింది. దాంతోపాటు దాహం వచ్చింది, ఒళ్లు వచ్చింది, చేతుల్లో సన్నగా వణుకు వచ్చింది. డాక్టరమ్మ ప్రతిసారీ "చేతులు వణుకుతున్నాయా?" అని అడిగేది. "కొంచెం" అనేది పెద్దమ్మ. కొంచెమంటే ఎంత? ఆ ప్రశ్న పెద్దమ్మను పట్టుకుంది. మోదుగాకులతో విస్తర్లు కుట్టడంలో ఆమెది మంచి చెయ్యి. చీపురు పుల్ల గుచ్చి విరిస్తే, ఆకు చీలకుండా, కుట్లన్నీ ఒకే ఎడంతో పడేవి; చెయ్యి వణికితే ఆ ఎడం తప్పేది. ఒకసారి సంచిలో రెండు విస్తర్లు పెట్టుకుపోయి డాక్టరమ్మ బల్ల మీద పరిచింది.

"సూడుండ్రి డాక్టరమ్మా. ఇది పోయిన నెలది. ఇది నిన్నటిది."

డాక్టరమ్మ నవ్వింది, తర్వాత కళ్లజోడు పెట్టుకుని కుట్లు చూసింది. అప్పటి నుంచి రక్తపరీక్ష కాగితం కంటే ముందు "విస్తరి తెచ్చావా?" అని అడిగేది. బయట వరసలో కూర్చున్నవాళ్లు పెద్దమ్మను విస్తర్లు అమ్మే మనిషి అనుకున్నారు. ఒకాయన బిడ్డ పెళ్లికి అయిదు వందల విస్తర్లు కావాలన్నాడు. "ఇయ్యి అమ్మేటియి గాదు నాయినా, నా చేతి రిపోర్టులు" అందట.

డిగ్రీ రెండో ఏడాదిలో నాకు అన్నీ తెలుసుననిపించేది. ఫోన్లో చదివి, లిథియం చేసే హానులన్నీ ఆమె ముందు ఏకరువు పెట్టాను. దాహం, వణుకు, బరువు, థైరాయిడ్, కిడ్నీలు. శ్రద్ధగా వింది.

"సగం నాకున్నయే. మిగిలినయి రాకుంట పరీక్షలు జేస్తున్నరు. మేలు సంగతి ఏం రాసిన్రు?"

"కొందరికి బాగా పనిచేస్తదట. కొందరికి చెయ్యదట."

"ఆ మొదటి కొందర్ల నేనున్న." ఆకులు సర్దుకుంటూ ఇంకో మాట అంది. "కీడు రోజూ కండ్లకు కనబడ్తది బిడ్డా. మేలు కనబడదు. పోయినేడు నేను అడివి తోవ పట్టలే. పట్టనిదాన్ని ఎవలు సూస్తరు?"

అలాగని ప్రతి గోళీకీ తల ఊపే మనిషి కాదు. ఒకసారి నిద్ర కోసం ఇంకొకటి కలిపితే, నెల తిరక్కుండానే పట్టుకెళ్లి బల్ల మీద పెట్టింది. "దీంతోటి నేను మంచిగలేను డాక్టరమ్మా, పండుకొని ఉన్న. రెండు ఒకటి గాదు." డాక్టరమ్మ దాన్ని మార్చింది.

ఇక నేను తలదించుకునే సంగతి. నాలుగేళ్ల కింద ఆమెకు బీపీ ఉందని తేలింది. గట్టి మందుకు పథ్యం ఉండాలని పెదనాన్న మొదటి నుంచీ అనేవాడు. బీపీకి ఉప్పు మంచిది కాదని నేను ఫోన్ చూసి వంత పాడాను. ఇద్దరం కలిసి పూర్తిగా ఉప్పు మాన్పించాం. చప్పటి పప్పు, చప్పటి మజ్జిగ. అది ఎండాకాలం, ఆ ఎండల్లోనే ఆమె మిర్చి కల్లంలో కాయలు ఏరుతూ కూర్చునేది. పది రోజులకు వాంతులు మొదలయ్యాయి. నడిస్తే తూలుతోంది, నాలుక మందమైంది. వడదెబ్బ అనుకుని నేను తడిగుడ్డ వేస్తున్నాను. ఆమె పుల్ల తీసుకుని ఆకు మీద గుచ్చబోయింది. ఆకు నిలువునా చీలింది. దాన్ని నాకు చూపించి, ముద్దమాటలతోనే అంది:

"ఇది ఎండ గాదే. గోళీ ఎక్కువైంది. జల్దీ ఖమ్మం పోదాం."

రక్తంలో లిథియం ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ ఉంది. "ఉప్పు ఎవరు మాన్పించారు?" అని డాక్టరమ్మ అడిగితే "మేమే" అన్నాను. ఉప్పు ఉన్నట్టుండి తగ్గితే కిడ్నీలు ఈ మందును బయటికి పోనివ్వక ఒంట్లోనే పట్టి ఉంచుతాయట. చెమట, వాంతులు దానికి తోడు. ఇంకా ఆలస్యమైతే ప్రాణం మీదికి వచ్చేదని చెప్పింది.

"ఇగ ఈ ఇషం వద్దు" అన్నాడు పెదనాన్న, వార్డులో. నేనూ అదే అన్నాను. సెలైన్ ఎక్కుతున్న చేతిని కదపకుండా పెద్దమ్మ మా వైపు చూసింది.

"ఉప్పు మాన్పించింది మీరు. మందు మీద పడ్తున్నరేంది?"

తర్వాత డాక్టరమ్మతో, "తగ్గియ్యుండ్రి. తీసెయ్యకుండ్రి" అంది. రక్తంలో మందు దిగేదాకా కొన్నాళ్లు ఆపి, తక్కువ మోతాదుతో మళ్లీ మొదలుపెట్టారు. అప్పటి నుంచి ఎండాకాలంలో రక్తపరీక్షకు రెండుసార్లు ఎక్కువ వెళ్లేది.

వాకిట్లో తీర్పు విన్నాక నేను డాక్టరమ్మను నేరుగా అడిగాను, గోళీల వల్లనే పోయిందా అని. ఆమె తప్పించుకోలేదు. "బీపీ ఉంది, బరువు ఉంది. బరువులో మందు వాటా కొంత ఉండొచ్చు. గుండెపోటుకు ఇదే కారణమని చెప్పలేను, దీనికి ఏ సంబంధం లేదని ఒట్టు వేయలేను. కానీ ఆమె బతికిన ఈ ఇరవై ఏళ్లలో మందు వాటా మాత్రం చాలా పెద్దది." నాకు ఆ జవాబు చాలు. పెద్దమ్మకు కూడా చాలేది. రెండు వైపులా చూడకుండా ఆమె దేన్నీ ఒప్పుకోలేదు.

ఆ మాటలే వదినకు చెప్పాను. వేసుకో అనలేదు, వద్దనలేదు. ఎందుకు ఆపావని అడిగాను. నోరు ఎండిపోతోందట, పగలంతా మత్తుగా ఉంటోందట, పాల ద్వారా పిల్లకు ఏమవుతుందోనని భయమట. ఆపిన రెండు రోజులకే మళ్లీ ఊరికే ఏడుపు వస్తోందట.

"ఇవన్నీ డాక్టరమ్మకు చెప్పినవా వదినా?"

"పెద్దమ్మే మాట్లాడేది. నాకు డాక్టరమ్మ ముందట నోరు పెగలదు. ఇప్పుడెవరు చెప్తరు?"

మరునాడు పొద్దున బస్సుకే ఖమ్మం వెళ్లాం. దారి పొడుగునా వదిన చెప్పాల్సినవి వరసపెట్టుకుంటూ పెదాలు కదుపుతూనే ఉంది. పేరు పిలవగానే నేను కూడా లేచాను. ఆమె పిల్లను నా చేతుల్లో పెట్టింది.

"నువ్వు కూసో. నేనే చెప్త."

తలుపు మూసుకుంది. లోపలి నుంచి సన్నగా వదిన గొంతు మొదలైంది, తడబడింది, మళ్లీ అందుకుంది. నా ఒళ్లో పిల్ల ఆడుకుంటున్న తాళంచెవి వదిలేసి, మెడ తిప్పి, ఆ గొంతు వచ్చే తలుపు వైపు చూస్తూ ఉండిపోయింది.