మునీశ్వరి మందుల బ్యాగు

పుంగనూరులో మంచం పట్టిన ముసలివాళ్లున్న ఇళ్లలో మునీశ్వరి పేరు తెలియనివాళ్లు తక్కువ. మల్లప్ప మెడికల్ షాపు నుంచి సైకిలు మీద ఇళ్లకు మందులు చేరవేసే మనిషి ఆమె. నలభై ఆరేళ్లుంటాయి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. తంబళ్లపల్లె పక్క పల్లెలో గొర్రెలు మేపుకునే మునెప్ప కూతురు. చిన్నప్పుడు అన్న సైకిలుకు అడ్డకడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకుంది. పెళ్లయి పుంగనూరు వచ్చాక ఇరవై ఏళ్లు సైకిలు ముట్టలేదు. భర్త గుండెపోటుతో పోయాక మల్లప్ప షాపులో అరలు తుడిచే పనికి కుదిరింది. ఒకరోజు ఎవరికో బీపీ మాత్రలు అర్జెంటుగా కావాల్సి వస్తే, షాపు ముందు నిలబెట్టిన పాత సైకిలెక్కి పది నిమిషాల్లో ఇచ్చి వచ్చేసింది. అప్పటి నుంచి అదే ఆమె పని.

మందులివ్వడంతో ఆమె పని అయిపోదు. చదువు రానివాళ్లకు పొద్దున వేసుకునే మాత్రల అట్ట మీద సూర్యుణ్ణీ, రాత్రి వేసుకునే వాటి మీద చంద్రుణ్ణీ గీసిస్తుంది. దారిలో పాలప్యాకెట్టు తెచ్చిపెడుతుంది. ల్యాబుకు పోయి రిపోర్టులు తెస్తుంది. ఇవన్నీ సైకిలు హ్యాండిలుకు తగిలించిన గుడ్డసంచిలోనే.

ఊరికి ఆరు కిలోమీటర్ల దూరంలో, మదనపల్లె రోడ్డు పక్కనున్న పల్లెలో గంగులయ్య, కుప్పమ్మ అని భార్యాభర్తలున్నారు. పిల్లల్లేరు. గంగులయ్యకు చాలా ఏళ్లుగా షుగరు. రోజూ రెండు పూటలా ఇన్సులిన్ సూది పడాలి. నెలకు రెండు శనివారాలు మునీశ్వరి ఆ మందు సీసాలను ఐసు ప్యాకెట్టు పెట్టిన చిన్న డబ్బాలో తీసుకుపోయేది. బస్సెక్కి వస్తామని కుప్పమ్మ అంటే, "మీరు యాల పెద్దమ్మా, నేనుండాను గదా" అని తనే వద్దనేది.

నిరుడు అక్టోబరులో ఒక శనివారం మధ్యాహ్నం. సన్నగా తుంపర పడుతోంది. ఊరు దాటి రెండు కిలోమీటర్లు పోయిందో లేదో, తడిసి బరువెక్కిన సంచి ఊగి ఊగి ముందు చక్రం పుల్లల్లో ఇరుక్కుంది. సైకిలు ఒక్కసారిగా ఆగిపోయింది. మునీశ్వరి హ్యాండిలు మీదుగా ఎగిరి కంకర మీద పడింది. కనుబొమ పగిలింది. ఎడమ భుజం దగ్గర ఏదో పటుక్కుమంది. ఫోను నుజ్జయింది. డబ్బాలోని సీసాలు రెండూ పగిలి, మందు రోడ్డు పాలైంది.

ఎవరో ఆటోలో ఆసుపత్రికి చేర్చారు. కనుబొమకు ఆరు కుట్లు వేశారు. మెడ కింద, భుజానికి ఆనుకున్న కాలరు ఎముక చిట్లిందని చేతికి పట్టీ కట్టారు. కబురు తెలిసి మల్లప్ప పరుగున వచ్చాడు.

"ఎట్లా ఉండాది మునీశ్వరీ? నొప్పిగా ఉండాదా?" అన్నాడు. కాసేపు కూర్చుని, లేవబోతూ అడిగాడు. "గంగులయ్యకు సూదిమందు అందిందా?"

"అందిందప్పా," అంది మునీశ్వరి.

ఆ మాట ఆమె నోటి నుంచి ఎందుకు వచ్చిందో ఆమెకు తెలుసు. అంతకు ముందు నెలలోనే సిరప్ సీసాలు పగలగొట్టింది. ఇంకోసారి ఇట్లా అయితే మోటారు బండి ఉన్నవాళ్లను పెట్టుకుంటానని మల్లప్ప అన్నాడు. రేపు ఆదివారం, షాపు మూత. సోమవారం పొద్దున్నే ఎలాగో ఒకలాగు తనే తీసుకుపోయి ఇస్తే సరిపోతుంది, ఒక్క రోజుకేమవుతుందిలే అనుకుంది. నొప్పికిచ్చిన సూదికి కళ్లు మూతలు పడ్డాయి.

గంగులయ్య ఇంట్లో ఉన్న సీసా శనివారం పొద్దుటికే అయిపోయింది. ఆ సంగతి మునీశ్వరికి తెలియదు. కుప్పమ్మ శనివారమంతా వాకిట్లో కూర్చుని ఎదురుచూసింది. ఫోను చేస్తే స్విచ్చాఫ్. ఆమె దగ్గరున్నది మునీశ్వరి నంబరు ఒక్కటే. ఆదివారం కూడా, వస్తుంది, వానకు ఆగింటుంది అనుకుంటూనే గడిపింది.

సోమవారం మునీశ్వరి కొత్త సీసాలు తీసుకుని, చేతికి పట్టీతోనే ఆటోలో ఆ పల్లెకు పోయేసరికి తలుపుకు తాళం వేసి ఉంది. తెల్లవారుజామున గంగులయ్యకు తెలివి తప్పితే అంబులెన్సులో మదనపల్లెకు తీసుకుపోయారని పక్కింటివాళ్లు చెప్పారు.

గంగులయ్య బతికాడు. కానీ కుడికాలి బొటనవేలు తీసేశారు. ఆ వేలికి పుండు పడి చాలా రోజులైందని, రెండు రోజులు మందు పడకపోవడం వల్లే ఇలా అయిందని చెప్పలేమని డాక్టరు అన్నాడు. ఆ మాట మునీశ్వరికి ధైర్యమివ్వలేదు. 'చెప్పలేమంటే, కాదని కూడా చెప్పలేడు గదా' అనుకునేది.

అసలు సంగతి తెలిశాక మల్లప్ప షాపు వెనక గదిలోకి పిలిచి గొంతు తగ్గించి చెప్పాడు. "పడినప్పుడు నీకు స్పృహ లేదు. అందరికీ అదే చెప్పినా. నువ్వూ అదే చెప్పు. షాపు పేరు పోతుంది, నీ పనీ పోతుంది."

మునీశ్వరి తలూపింది. కుప్పమ్మ కూడా ఆ మాటే నమ్మింది. మదనపల్లె ఆసుపత్రికి చూడబోయిన మునీశ్వరి కనుబొమ మీది కుట్లు చూసి, "నీకూ ఎంత కష్టమొచ్చెనమ్మా" అని కళ్లు తుడుచుకుంది. ఆ రోజు మునీశ్వరికి అన్నం సహించలేదు.

రెండు నెలలకు మళ్లీ సైకిలెక్కింది. హ్యాండిలుకు ఇంకేమీ తగిలించకూడదని మొదటే తీర్మానించుకుంది. వెనక క్యారియరు మీద పెడితే గుంతలకు సీసాలు అదురుతాయి. పైగా మేడ మీది ఇళ్లకు పోయినప్పుడు సైకిలు కిందే వదలాలి, మందులు వదలడానికి లేదు. వీపుకు తగిలించుకునే బ్యాగు ఒక్కటే దారి.

కుప్పంలో డిగ్రీ చదువుతున్న కూతురు తేజస్విని తన పాత కాలేజీ బ్యాగు ఇచ్చింది. అందులో ఎంతైనా పడుతుంది. కానీ పొడుగెక్కువ. మొదటి వారమే, సందులోంచి మెయిన్ రోడ్డుకు తిరుగుతూ వెనక్కి చూడబోతే తల బ్యాగుకు తగిలి ఆగిపోయింది. వెనక నుంచి టమాటా లారీ ఆమె మోచేతిని రాసుకున్నట్టే పోయింది. డ్రైవరు తిట్టిన తిట్లు ఆమెకు వినబడలేదు. రోడ్డు పక్కన సైకిలు ఆపి, బ్యాగు విప్పి, ముందు సీసాలు చూసుకుంది. 

ఆ ఆదివారం మదనపల్లెకు పోయి బస్టాండు దగ్గరి బ్యాగుల షాపు ఎక్కింది. షాపతను పది జిప్పులున్నవీ, చార్జింగు వైరు బయటికొచ్చేవీ తీసి పరిచాడు. మునీశ్వరి తనతో తెచ్చిన రెండు లీటరు నీళ్ల సీసాలనూ, ఒక కిలో ఉప్పు ప్యాకెట్టునూ ఒక్కొక్క బ్యాగులో పెట్టి భుజానికి వేసుకుని చూసింది.

"కొంచేపు బయట సైకిలెక్కి చూస్తానప్పా," అంది.

"బ్యాగు కొనేదానికి సైకిలెక్కాల్నా?" అని అతను నవ్వాడు. అయినా పక్క షాపు సైకిలు ఇప్పించాడు.

ముందుకు వంగి, మెడ కుడికీ ఎడమకూ తిప్పి చూసింది. ఒకటి తలకు తగిలింది. ఒకటి భుజాల కంటే వెడల్పుగా ఉండి చేయి చాపనివ్వలేదు. ఒకదానిలో బరువంతా అడుక్కు జారి నడుమును లాగింది. ఏడో బ్యాగు పొట్టిగా, వీపుకు అతుక్కుని, తల తిప్పనిచ్చింది. అయితే దాని పట్టీలు చీర మీద నిలవకుండా జారిపోతున్నాయి. ఎడమ పట్టీ సరిగ్గా చిట్లిన ఎముక మీదే ఒత్తుతోంది. సాయంత్రం దాకా చూసి దాన్నే కొనుక్కుంది. నాలుగు రోజులు వాడేసరికి భుజం మంటపుట్టి రాత్రిళ్లు నిద్ర పట్టలేదు.

"కుప్పం రామ్మా. ఈడ చెంగల్రాయుడని ఒకాయన ఉండాడు. బ్యాగులు బాగా కుడతాడు," అని తేజస్విని ఫోనులో చెప్పింది.

చెంగల్రాయుడిది సందు మలుపులో ఒక కుట్టుమిషను, ఒక బల్ల ఉన్న చిన్న కొట్టు. అరవై దాటిన మనిషి. రామకుప్పం వైపు ఏనుగులు పంట మీద పడకుండా రాత్రి కావలికి పోయే రైతులకు టార్చిలైటూ నీళ్లూ పెట్టుకునే సంచులు కుడుతుంటాడు. మునీశ్వరి బ్యాగును తిప్పి తిప్పి చూశాడు.

"పట్టీ మెడ పక్కకు జరపాల. కింద మెత్త వేస్తా. రొమ్ము మీద అడ్డం ఒక పట్టీ, బక్కిలు పెడితే జారదు. ఎనకాల లైటు పడితే మెరిసే గుడ్డ వేస్తా. లోపల ఏం మోస్తావమ్మా? దాన్ని బట్టి అర కుట్టాల."

"ఇన్సులిన్ సీసాలన్నా. పగలకూడదు."

"ఇంతకు ముందు పగిలినాయా?"

 పక్కనున్న తేజస్విని అందుకుంది. "పగిలినాయి పెదనాయనా. అమ్మ పడిపోయి స్పృహ లేకుండా ఉంటే, ఆ ముసలాయనకు మందు అందలేదు."

"స్పృహ ఉండె," అంది మునీశ్వరి.

తేజస్విని తల్లి ముఖంలోకి చూసింది.

"బాగా ఉండె. మల్లప్ప అడిగినాడు, అందిందా అని. అందిందని చెప్పినా. లేదని ఒక్క మాట చెప్పింటే ఆయప్పే బండెక్కి పోయి ఇచ్చొచ్చేటోడు. పగిలినందుకు ఏమంటాడో అని అబద్ధం చెప్పినా."

చెంగల్రాయుడు తల ఎత్తలేదు. మిషను తొక్కుతూనే ఉన్నాడు.  తేజస్విని నెమ్మదిగా అడిగింది. "ఆ పెద్దమ్మకు తెలుసా?"

"తెల్దు."

"మరి ఎన్ని బ్యాగులు మారిస్తే ఏం లాభం అమ్మా?"

కూతురు కోపంగా అని ఉంటే మునీశ్వరి ఎదురు మాట్లాడేది. ఆ పిల్ల మెల్లగా అడిగింది. తిరిగొచ్చే పుంగనూరు బస్సులో మునీశ్వరి, కొత్తగా పట్టీలు కుట్టించిన బ్యాగు ఒళ్లో పెట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

మరునాడే సైకిలెక్కి ఆ పల్లెకు పోయింది. పట్టీ భుజాన్ని ఒత్తలేదు, బ్యాగు కదల్లేదు. గంగులయ్య మంచం మీద కాలు చాపుకుని ఉన్నాడు. కుప్పమ్మ సంగటికి ఎసరు పెడుతోంది. మునీశ్వరి గడపలోనే నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా, జరిగింది జరిగినట్టు చెప్పేసింది.

కుప్పమ్మ చేతిలోని తెడ్డు అలాగే పట్టుకుని విన్నది.

"రెండు దినాలు నేను రోడ్డు సూస్తా కూసోనుంటి," అంది చివరికి. "నీకేమైందో అని దేవునికి మొక్కుకుంటి. నువ్వు అన్నీ తెలిసీ పండుకోనుంటివి."

"తప్పయిపోయింది పెద్దమ్మా."

"పో. మా ఇంటికి ఇంక రావద్దు."

గంగులయ్య ఏదో అనబోయాడు. కుప్పమ్మ అతని వైపు చూడకుండా లోపలికి పోయింది.

కుప్పమ్మకు నిజం చెప్పేశానని మునీశ్వరి తిరిగొచ్చి మల్లప్పకు కూడా చెప్పింది. అతను ఎగిరాడు, తిట్టాడు, రెండు రోజులు మాట్లాడలేదు. పని మాత్రం తీసేయలేదు. ఆమె పోయే ఇళ్లకు వేరే మనిషి దొరకలేదు మరి.

ఆ తరువాత కుప్పమ్మే మందుకోసం షాపుకు రావడం మొదలుపెట్టింది. బస్సుకోసం గంట, తిరుగు బస్సుకోసం ఇంకో గంట. నడవలేని మనిషిని ఒంటరిగా వదిలి వచ్చిన తొందరలో, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కునేది కాదు. మునీశ్వరి షాపులో ఉన్నా ఆమె వైపు చూసేది కాదు. అలా నాలుగు నెలలు గడిచాయి. ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం, ఆమె షాపు మెట్ల మీద కళ్లు తిరిగి కూలబడింది. మునీశ్వరే నీళ్లు తాగించి ఆటో ఎక్కించింది. ఎక్కేముందు కుప్పమ్మ సీసాల డబ్బా చేతిలో పట్టుకుని కాసేపు నిలబడింది.

"వచ్చే తూరి నువ్వే తెచ్చియ్యి," అంది. "నేను నిన్ను క్షమించినానని అనుకోవద్దు. నాకు చాతగాలే, అంతే."

ఇప్పుడు మునీశ్వరి ఆ శనివారాల్లో బయలుదేరే ముందు కుప్పమ్మకు ఫోను చేస్తుంది. "వస్తాండాను పెద్దమ్మా," అంటుంది. అటు నుంచి "ఊ" అని మాత్రం వినబడుతుంది. ఇంటి దగ్గర కుప్పమ్మ సీసాలను ఒక్కొక్కటిగా వెలుతురుకు పట్టి చూసుకుని లోపలికి పోతుంది. కూర్చోమని ఇప్పటికీ అనలేదు.