లేపగలిగినంత బరువు

2024 ఫిబ్రవరి 11, ఆదివారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు నా మోటారు సైకిలు ఎడమవైపుకు ఒరిగి పడిపోయింది. అప్పుడది నడవడం లేదు, ఆగి ఉంది. వినగడప ఊరు దాటాక ఒక మామిడితోట మొదట్లో దారికి అడ్డంగా పెట్టిన కంపను తీయడానికి ఎడమకాలు కింద పెట్టాను. కాలి కింద ఇసుక జారిందో, మోకాలే జారిందో ఆ రోజు డైరీలో తేల్చలేదు. నెల తరువాత తేల్చాను: మోకాలు.

సగం ట్యాంకు పెట్రోలుతో ఆ బండి బరువు నూట ఎనభై ఏడు కిలోలు. నా వయసు యాభై ఆరు. బండి నా దగ్గరకు వచ్చి ఇరవై మూడేళ్ళు.

ఎదకు వచ్చిన గేదెలకు, ఆవులకు సూది వేసి చూడి కట్టించడం నా వృత్తి. ఊళ్ళలో నన్ను డాక్టరు గారంటారు. కానని మొదటి ఏడాది చెప్పాను, తరువాత చెప్పడం మానేశాను. వీర్యం నింపిన సన్నని నాళికలను ద్రవ నత్రజనిలో ముంచి ఉంచే డబ్బా ఒకటి నా వెనుక సీటు మీద ఎప్పుడూ ఉంటుంది. దాని మూత బిగించి ఉండదు. బిగిస్తే లోపలి ఆవిరికి డబ్బా నిలవదు. అందువల్ల అది ఒరగకూడదు. ఆ ఉదయం ఒరిగింది. తెల్లని పొగ ఎండుటాకుల మీదుగా, కంప కిందుగా పాకి, చూస్తుండగానే లేకుండా పోయింది. లోపల పద్నాలుగు నాళికలున్నాయి. చలి పోయిన తరువాత అవి ఎందుకూ పనికిరావు.

నాలుగుసార్లు లేపడానికి ప్రయత్నించాను. ప్రతిసారీ హ్యాండిలు జానెడు లేచి, మళ్ళీ తన చోటికి తాను వెళ్ళింది. ఏడు గంటల రెండు నిమిషాలకు మామిడికి మందు కొట్టడానికి వెళ్తున్న ముగ్గురు ఆటో ఆపి దిగారు. ముగ్గురూ కలిసి ఒక్క పట్టున లేపేశారు. అందులో ఒకడు చేతులు దులుపుకుంటూ అన్నాడు:

"ఎందుకు పెద్దాయనా ఈ బరువు? చిన్నది చూసుకోరాదూ?"

నన్ను పెద్దాయన అనడం అదే మొదటిసారి. అంతకుముందు ఎవరైనా అని ఉంటే బండి చప్పుడులో నాకు వినపడి ఉండదు.

ఆ తోట వెనుక ఇంట్లో అరవై దాటిన ఒక ఆమె ఒంటరిగా ఉంటుంది. ఆమెకున్నది ఒకే గేదె. అది వట్టిపోయి ఐదు నెలలు. డిసెంబరు 31న వేసిన సూదికి కట్టలేదు, జనవరి 21న వేసినదానికీ కట్టలేదు. మూడోసారి ఎదకు వచ్చిందని ముందురోజు సాయంత్రం ఫోను చేసింది. సాయంత్రం లక్షణాలు కనిపిస్తే మర్నాడు ఉదయం సూది పడాలి. ఆ గేదె ప్రతిసారీ శనివారం రాత్రే అరిచేది, నాకు ఆదివారం పని పెట్టేది.

నేను బండిని కంప దగ్గరే వదిలి, ఖాళీ డబ్బాతో నడుచుకుంటూ వెళ్ళేసరికి గేదె కొయ్యకు కట్టి ఉంది. ఆమె పక్కన చెంబుతో నీళ్ళు, సబ్బు పెట్టుకుని నిలబడి ఉంది.

"వాగు దగ్గర మీ చప్పుడు వినపడగానే తోటలోంచి తోలుకొచ్చి కట్టేశానండి. మధ్యలో ఆగిపోయింది. దారిలో ఎవరో టీ ఇచ్చారేమో అనుకున్నా."

"బండి పడిందమ్మా. మందు పోయింది."

ఆమె నా మోకాలివైపు చూసింది, తరువాత డబ్బావైపు చూసింది. "మీకేం కాలేదుగా?" అని అడిగి, సమాధానం కోసం ఆగకుండా గేదె పలుపు విప్పడం మొదలుపెట్టింది. "ఇంకొక్కసారి చూస్తానండి. అప్పుడూ కట్టకపోతే బేరగాడికి తోలించేస్తా. వట్టి గొడ్డుకి ఎండాకాలమంతా గడ్డి మోసే ఓపిక నాకు లేదు."

కట్టని గేదె ఇరవై ఒక్క రోజులకు మళ్ళీ ఎదకు వస్తుంది. పదకొండుకు ఇరవై ఒకటి కలిపాను. ఆ సంవత్సరం ఫిబ్రవరికి ఇరవై తొమ్మిది రోజులు. మార్చి 3, మళ్ళీ ఆదివారమే. ఆ తేదీని ఆమె ముందే డైరీలో రాసి కింద రెండు గీతలు గీశాను.

ఆ తరువాతి వారం నేను నిలకడగా కూర్చున్న పూట లేదు. తిరువూరులో మా ఇంటి ముందు బండిని నిలబెట్టి, దాని చుట్టూ తిరిగి, హ్యాండిలు పట్టుకుని ఒకవైపుకు కొద్దిగా ఒరగనిచ్చి, ఎంతవరకు ఆపగలనో కొలిచేవాణ్ణి. తలుపు చట్రానికి పెన్సిలుతో గీతలు పెట్టాను. రోజు రోజుకూ గీత మారుతుందని ఆశ. మారలేదు. మా ఆవిడ బియ్యం ఏరుతూ రెండు రోజులు చూసి, మూడో రోజు అన్నది:

"ఏవండీ, దాన్ని అమ్ముతారా, లేక చూడి కట్టిందేమో చూస్తున్నారా?"

ఫిబ్రవరి 19, సోమవారం, సాయంత్రం నాలుగింటికి బస్టాండు వెనుక మెకానిక్ షెడ్డుకు వెళ్ళాను. ఆ మెకానిక్ నాకంటే ఆరేళ్ళు పెద్ద. నేను భాయ్ అంటాను. ఇరవై మూడేళ్ళుగా నా బండి లోపలి భాగాలు నాకంటే ఆయనకే బాగా తెలుసు. ఆయన కూడా ఒకప్పుడు పెద్దబండి మీదే తిరిగేవాడు. రెండేళ్ళ క్రితం స్కూటరుకు దిగాడు. సంగతంతా విని గడియారం చూసినట్టు నా మోకాలు చూశాడు.

"ఈ ఏడాది మీరు ఐదోవారు సార్. హెడ్మాస్టరు గారు దిగారు, రైసు మిల్లాయన దిగాడు. అందరూ ఒకటే మాట. బండి బరువెక్కిందంటారు. బండి ఎక్కడ బరువెక్కుద్ది సార్, ఇనుముకేమన్నా షుగరా?"

"ఏ బండి తీసుకోమంటావు భాయ్?"

"నేను చెప్పను. బండే చెప్పుద్ది. యాభై దాటినోళ్ళు మైలేజీ చూడకూడదు, రంగు చూడకూడదు. పడుకోబెట్టి లేపాలి. లేపగలిగిన బండే మీది."

అది ఆయన పద్ధతి. షెడ్డు ముందు రెండు పాత టైర్లు, వాటి మీద గోనెపట్టా పరిచాడు. మొదట నా బండినే, పసిబిడ్డను దించినంత మెల్లగా, పక్కకు పడుకోబెట్టాడు. "ఎవరూ చెయ్యి వెయ్యకండి" అన్నాడు చుట్టూ చూసి. ఎదుటి టీకొట్టులో నలుగురు గ్లాసులు పట్టుకుని ఇటు తిరిగారు. నేను వంగి రెండుసార్లు ఎత్తాను. జానెడు, మళ్ళీ జానెడు. తోటలో ఎవరూ చూడలేదు కనుక అక్కడ అది ప్రమాదం. ఇక్కడ నలుగురు చూశారు కనుక నిజమైంది.

రెండోది ఎవరో సర్వీసుకిచ్చిన నూట యాభై సీసీ బండి, నూట నలభై నాలుగు కిలోలు. లేచింది. లేపిన తరువాత నేను దానికే ఆనుకుని నిమిషం పాటు ఊపిరి తీసుకున్నాను.

"ఇది ఈ ఏడాది లేచుద్ది. వచ్చే ఏడాది మాటేంటి?" అని భాయ్ దాన్ని పక్కకు తోసేశాడు.

మూడోది నూట పది కిలోల బండి. పాలవాళ్ళు, చేపలవాళ్ళు, కాలేజీ పిల్లలు అందరూ నడిపేది. ఒక్క ఊపిరికి నిటారుగా నిలబడింది.

"డాక్టరు గారూ, దాన్ని చంకనేసుకుని కూడా వెళ్ళొచ్చు" అన్నాడు టీకొట్టు నుంచి ఒకాయన.

"గేదెలు నవ్వుతాయండి" అన్నాడు ఇంకొకాయన.

"గేదె చూసేది డాక్టర్ని, బండిని కాదు" అన్నాడు భాయ్.

ఆ మాట సరైనదే అనుకుని ఇంటికి వచ్చాను. తప్పు ఎక్కడుందో తెలియడానికి ఇంకా పదమూడు రోజులు పట్టింది.

ఫిబ్రవరి 24న విస్సన్నపేట నుంచి మామిడికాయల వ్యాపారి ఒకాయన వచ్చి పెద్దబండిని తీసుకువెళ్ళాడు. స్టార్టు చేశాక చప్పుడు మా వీధి మలుపు తిరిగింది, మెయిను రోడ్డెక్కింది, దూరమైంది. పూర్తిగా వినిపించడం మానేసిన క్షణం ఏదో గుర్తించాలని గడియారం పట్టుకుని నిలబడ్డాను. మధ్యలో బస్సు హారను కొట్టింది. ఆ సమయం నా దగ్గర లేదు.

నూట పది కిలోల కొత్తబండి మీద మొదటి వారం కుడిచెయ్యి తనంతట తాను ఎక్కువ తిప్పేది, బండి ఉలిక్కిపడి ముందుకు దూకేది. ఆగిన ప్రతిచోటా ఇంజను నడుస్తోందో లేదో వంగి చూసుకునేవాణ్ణి. రెండుసార్లు నడుస్తున్న ఇంజనునే మళ్ళీ స్టార్టు చేయబోయాను. ఇంట్లో ఉన్నా మనసు వీధిలో ఉండేది. ఎక్కడో పెద్దబండి చప్పుడు వినిపిస్తే చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయేది. రాత్రి పడుకునే ముందు డబ్బాలోని నత్రజనిని పుల్లతో కొలవడం, మోకాలికి నూనె రాయడం, మార్చి 3కి ఇంకా ఎన్ని రోజులో లెక్క చూడడం, ఈ మూడే నియమంగా జరిగాయి.

మార్చి 2 సాయంత్రం ఆమె ఫోను చేసింది. "అరుస్తోందండి. పొద్దున్నే రండి, పడిపోకుండా."

మర్నాడు ఆరు గంటల ఇరవై ఐదు నిమిషాలకే చేరాను. పాత బండితో అయితే తోట మొదట్లో ఆగి, కంప తీసి, చుట్టూ తిరిగి ఇంటి ముందుకు వెళ్ళాలి. ఈ బండికి ఆ అవసరం లేదు. చెట్ల మధ్య కాలిబాట మీదుగా నేరుగా పెరట్లోకి, కట్టుకొయ్య పక్కకే తెచ్చి నిలిపాను. చాలా తృప్తిగా దిగి చూస్తే కొయ్య దగ్గర గేదె లేదు. చెంబు లేదు. మనిషి లేదు.

తోలుకొస్తోందేమో అని నిలబడ్డాను. పది నిమిషాలు చూసి ఫోను చేస్తే వంటింట్లో ఎక్కడో మోగి ఆగింది. ఇరవై నిమిషాలు. పిలుద్దామంటే నాకు అలవాటు లేదు. ఇరవై మూడేళ్ళలో నేను ఎవరింటి ముందూ గొంతెత్తి పిలవలేదు. ఆ పని బండి చేసేది. డైరీ తీసి కట్టని రెండు సూదుల తేదీలూ మళ్ళీ చూశాను, ఎదకాలం ఇంకా ఎన్ని గంటలుంటుందో లెక్కవేశాను, డబ్బా మూత ఎత్తి దించాను. చివరకు ఆరు గంటల యాభై ఎనిమిది నిమిషాలకు హారను నొక్కాను. సన్నగా, కీచుగా పలికింది.

ఇంటి ముందువైపు నుంచి ఆమె గొంతు వినిపించింది: "వద్దయ్యా, ఇయ్యాళ చేపలొద్దు. డాక్టరు గారొస్తారు."

"డాక్టర్నేనమ్మా" అన్నాను.

ఆమె ఇంటి పక్క నుంచి తిరిగి వచ్చి, నన్ను, బండిని, వెనుక సీటు మీది డబ్బాను వరుసగా చూసింది. డబ్బా నిజంగానే చేపల డబ్బాలాగే ఉంది.

"గంట నుంచి అరుగు మీద కూర్చుని వాగువైపు చెవి పెట్టానండి. మీ చప్పుడు రాందే గొడ్డును తోలుకురాలేదు. కట్టేస్తే తన్నుకుంటది గదా." ఆపై కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది: "మరి బండి మార్చినప్పుడు ఒక మాట చెప్పొద్దటండీ?"

బరువు కొలిచాను, ఎత్తు కొలిచాను, దారి తగ్గించుకున్నాను. నా రాక, వాగు అవతల నేను వెళ్ళే ముప్పై ఒక్క ఇళ్ళలో చప్పుడుగా నమోదై ఉందన్న సంగతి ఒక్కటే రాసుకోలేదు.

గేదె తోట చివరి గట్టు దగ్గర ఉంది. ఇద్దరం వెళ్ళాం. దానికి రావాలని లేదు. మోకాలు సహకరించినంత వేగంగా తోలుకొచ్చి కట్టేసరికి ఏడు గంటల ఇరవై నిమిషాలు. సూది వేసి చేతులు కడుక్కుంటుంటే ఆమె నీళ్ళు పోసింది. యాభై ఐదు నిమిషాల ఆలస్యం ఎక్కువా కాదా అన్నది ఆ గేదెకే తెలియాలి.

ఆ రోజు నుంచే కొత్త పద్ధతి పెట్టాను. వాగు వంతెన మీద బండి ఆపి, వెళ్ళబోయే ఇంటికి మూడు రింగులిచ్చి కట్ చేస్తాను. ముప్పై ఒక్క ఇళ్ళకూ వెళ్ళి ఆ సంగతి చెప్పి రావడానికి పన్నెండు రోజులు పట్టింది. అందరూ బండిని చూశారు. కొందరు మోకాలు అడిగారు. వంతెన మీద ఆగినప్పుడల్లా చెవి మాత్రం ఇప్పటికీ వెనక్కి, ఆ పాత చప్పుడు వంతెన గోడకు తగిలి తిరిగివచ్చే చోటికి పోతుంది.

మార్చి 23, శనివారం సాయంత్రం ఫోను పక్కన పెట్టుకుని కూర్చున్నాను. కట్టకపోయి ఉంటే ఆ పూటే అరవాలి. చార్జింగు ఉందో లేదో నాలుగుసార్లు చూశాను. మోగలేదు. అయినా నమ్మలేదు. కొన్ని గేదెలు అరవకుండానే ఎదకు వస్తాయి. జూన్ 3న, తొంభై రెండో రోజున, చూడి ఉందేమోనని చెయ్యి పెట్టి చూశాను.

"ఏంటండీ?" అన్నది ఆమె.

"బేరగాణ్ణి రావద్దని చెప్పమ్మా."

2025 జనవరి 9న, మూడు వందల పన్నెండో రోజున, ఈనింది. "ఆదివారం కాదండి, గురువారం ఈనింది. అలవాటు మార్చుకుంది" అని ఫోనులో చెప్పింది. దున్నదూడ. పెయ్య కాలేదని నేనే కొంచెం నొచ్చుకుంటే, "తల్లి పాలకొచ్చింది, అది చాల్లెండి" అన్నది.

డైరీలో ఆ రోజు పేజీ కింద రాసుకున్న లెక్క ఇది.

పోయినవి: పద్నాలుగు నాళికలు. ఒక ఎద, అంటే ఇరవై ఒక్క రోజులు. డెబ్బై ఏడు కిలోల ఇనుము. వాగు నుంచి ముప్పై ఒక్క ఇళ్ళకు వినపడే చప్పుడు. ఎడమ మోకాలిలో కొంత.

మిగిలినవి: డబ్బా, ఒక సొట్టతో. ముప్పై ఒక్క ఇళ్ళూ. ఒక్కడినే లేపగలిగిన బండి, ఇప్పటికి రెండుసార్లు పడింది, రెండుసార్లూ లేపాను. గేదె.