నిండా ఛార్జింగ్ ఉన్న ఫోన్

కృష్ణమోహన్ మైత్రీవనంలో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. ఫోన్‌లో బూతు వీడియోలు చూడకుండా ఉండలేడు. అది తెలిసి భార్య ధాత్రి కాకినాడలోని పుట్టింటికి వెళ్లిపోయింది. "జబ్బైతే వైద్యం చేయించుకోండి, వస్తాను. మీ బుద్ధే అంతైతే రాను" అంది.

పంజాగుట్టలో ఒక డాక్టర్ అది వ్యసనమేనని మందులు రాశాడు. ఇంకో డాక్టర్ ఆ పేరే ఒప్పుకోలేదు, ముందు ఒంటరితనం సంగతి చూడాలన్నాడు. ఇద్దరూ ఒప్పుకున్నది ఒక్కటే: రాత్రి గదిలో ఫోన్ ఉండకూడదు.

అందుకే రోజూ మధురానగర్‌లోని గదికి వెళ్లేముందు, ఛార్జింగ్ పెట్టమని ముషర్రఫ్ మొబైల్ షాపులో ఫోన్ ఇచ్చేస్తాడు.

"ఫుల్ ఉంది గదన్నా, ఇంకెంత తాగిపిస్తవ్ దీనికి?" అని ముషర్రఫ్ నవ్వుతాడు.

ఇవాళ పొద్దున ఫోన్ తీసుకుంటే ధాత్రి మిస్డ్ కాల్స్, ఒక మెసేజ్: "రాత్రంతా ఎత్తలేదు. ఏం చూస్తున్నారో అర్థమైంది." తిరిగి చేస్తే ఆమె ఎత్తలేదు. జరిగింది రాసి పంపితే జవాబు లేదు.

సాయంత్రం ఫోన్ కౌంటర్ మీద పెట్టి, "షాపు మూసేలోపు ధాత్రి పేరుతో కాల్ వస్తే ఎత్తు భాయ్. రోజూ రాత్రి ఇది నీ దగ్గరే ఉంటుందని చెప్పు" అన్నాడు.

"చెప్తగానీ, ఎందుకని అడిగితే?"

"అడగదు. ఆమెకు తెలుసు."

ముషర్రఫ్ ఈసారి నవ్వలేదు. కృష్ణమోహన్ గదికి నడిచాడు. కాల్ వచ్చిందో లేదో పొద్దున గానీ తెలియదు.