పలుగురాయి పెచ్చు

మా మావగారిది ఆమదాలవలసలో ఇనుప సామాన్ల కొట్టు. కొడవళ్ళు, గునపాలు, కత్తిపీటలు చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ అక్కణ్ణుంచే వెళ్ళేవి. ఆ ఇంటి పెద్దకోడలిని, వంకాయ కోసుకోవడానికి రాయి చెక్కడం నేర్చుకున్నాను. చెబితే మనవలు నవ్వుతారు. నవ్వుకోనీండి, ఆ రోజుల్లో మాకెవరికీ నవ్వు రాలేదు.

యుద్ధంలో విశాఖపట్నం మీద బాంబులు పడ్డాయని తెలియగానే మావగారు నన్నూ, ఎనిమిదో నెల కడుపుతో ఉన్న నా తోడికోడల్నీ బండెక్కించి, కొండ కింద తనకున్న జీడిమామిడి తోటకు తీసుకొచ్చేశారు. మా అత్తగారు అప్పటికే లేరు. మా మొగుళ్ళిద్దరూ కొట్టు దగ్గర ఉండిపోయారు. తోటలో ఒక పాక, కాపలాకి ఒక ముసలమ్మ. దగ్గరి ఊరికి రెండు కోసులు.

నేను పుట్టు పిరికిదాన్ని. కాకి రెక్క కొట్టుకున్నా విమానమే అనుకుని పాకలోకి పరిగెత్తేదాన్ని. మావగారి భయం మరో రకం. కొట్టులో చిల్లర మేకులు ఏరడానికి ఆయన దగ్గర అయస్కాంతం ఉండేది. దాన్ని చూసి చూసి ఆయన బుర్రకి ఒకటి తట్టింది.

"ఇనుం ఉన్నకాడికే బాంబు వస్తాదే అమ్మా. లాగీస్తాది" అన్నారు.

అని ఊరుకున్నారా! కత్తిపీట, చాకు, ముసలమ్మ గొడ్డలి, చివరికి నీళ్ళచేద కొక్కెం కూడా మూటకట్టి తోటలో ఎక్కడో పాతిపెట్టేశారు. చోటు చెబితే ఆడవాళ్ళం తవ్వేసుకుంటామట! మంత్రసానిని తీసుకొస్తానని ఆ మర్నాడే ఆమదాలవలస వెళ్ళిపోయారు. ఇనుము వర్తకుడి ఇంట్లో సూది లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ముసలమ్మే దారి చూపింది. ఆవిడది పైకొండ, అక్కడ కత్తి లేనప్పుడు రాతిపెచ్చుతోనే కోసుకునేవారట. కళ్ళకు పొరలు కమ్మి వెలుగూ నీడా తప్ప తెలిసేది కాదు. తోట వారన పారే గెడ్డలోంచి పలుగురాళ్ళు ఏరుకు రమ్మంది. ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని తట్టి, మొద్దుగా పలికినవి అవతల పారేసింది.

"మద్దిన కొట్టకే. అంచు సూడు, అంచుమీద ఏటవాలుగా కొట్టు" అనేది.

నేను కొడితే పిండి రాలేది, లేకపోతే నా వేలు నలిగేది. చప్పుడు వినే "కాదు" అనేసేది ఆ మహాతల్లి. నాలుగో రోజుకి టక్కుమని ఒక పెచ్చు ఊడింది. వేలితో అంచు తడిమాను, రక్తం వచ్చింది.

"అద్దీ" అంది ముసలమ్మ.

ఆ పెచ్చుతోనే వంకాయలు, ఆనపకాయ, తాళ్ళు కోసుకున్నాం. వారం గడిచింది. ఒకనాడు మిట్టమధ్యాహ్నం నా తోడికోడలు పొయ్యి దగ్గర నడుం పట్టుకుని కూలబడిపోయింది.

"అప్పా, నొప్పులొచ్చేస్తన్నాయే!" అంది. నన్ను అప్పా అనే పిలిచేది, అక్కా అన్నట్టు.

ఇంకా నెల ఉంది. మావగారు రాలేదు, మంత్రసాని రాలేదు. అప్పటికి నాకు పిల్లలు లేరు, పురుడు చూసి ఎరగను. పారిపోదామా అనిపించింది, నిజం చెబుతున్నాను. ముసలమ్మ తడుముకుంటూ వచ్చి దాని కాళ్ళ దగ్గర కూర్చుంది.

పొద్దువాలేసరికి తల బయటపడింది. అక్కడితో ఆగిపోయింది. ముసలమ్మ వేళ్ళతో తడిమి చూసి, "బొడ్డుపేగు మెడకి రెండు సుట్లు సుట్టుకున్నాది. బిగిసిపోనాది. కొయ్యాల" అంది.

"దేంతో?"

"నీ రాయి ఉంది కదే."

"నువ్వు కొయ్యి" అన్నాను ఏడుస్తూ.

"కళ్ళు లేనిదాన్ని. పీక తెగిపోద్ది. నువ్వే."

పిల్ల మొహం నేరేడుపండు రంగుకి తిరిగింది. మరిగిన నీళ్ళలో పెచ్చు ముంచి తీశాను. ముసలమ్మ చీర అంచు దారం లాగి, పేగుకి రెండుచోట్ల బిగించి ముడేసింది. ఆ ముడుల మధ్య బెత్తెడు కూడా లేదు, దాని కిందే పిల్ల మెడ. దేవుడి పేరు ఒక్కటీ గుర్తు రాలేదు. ఎడమచేత్తో కుడిమణికట్టు పట్టుకుని కోశాను. పేగు జారింది. మళ్ళీ కోశాను. తెగింది. రాయి మెడకి గీసుకుని సన్నగా నెత్తురు చిమ్మింది. చంపేశానే తల్లీ అనుకున్నాను.

పిల్ల జారి ముసలమ్మ చేతుల్లో పడింది. కదల్లేదు. ఆవిడ తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరిచింది. మళ్ళీ చరిచింది. అప్పుడు ఏడుపు వినబడింది.

"ఎవుర్తే ఏడుస్తన్నాది? నువ్వా, పిల్లా?" అంది ముసలమ్మ.

ఇద్దరమూ ఏడుస్తున్నాం.

మర్నాడు పొద్దున్న మంత్రసానితో మావగారు దిగారు. ఊళ్ళన్నీ ఖాళీ అయిపోయి, ఆవిణ్ణి వెతికి పట్టుకునేసరికి అన్నాళ్ళు పట్టిందట. పిల్ల మెడమీద గీత చూసి "ఇదేటే?" అన్నారు. పెచ్చు చూపించి జరిగింది చెప్పాను. ఆయన తోటలోకి వెళ్ళి గుంట తవ్వి, మట్టి కొట్టుకున్న కత్తిపీట పట్టుకొచ్చారు. బాలింత తలదిక్కున ఇనుము ఉండాలి, గాలీ ధూళీ సోకకుండా. మా ఇళ్ళలో అది తప్పనిసరి ఆచారం.

మావగారి ముందు ఏనాడూ గొంతెత్తని నా తోడికోడలు పిల్లను పొదువుకుని పడుకునే చెప్పింది.

"అదొద్దు మావా. అప్ప రాయి ఎట్టండి."

మావగారు కత్తిపీట గుమ్మం అవతల పెట్టి వచ్చారు. నా చేతిలోంచి పెచ్చు తీసుకుని దాని తలగడ కింద దోపారు.