పొగ చిమ్మే మొక్క

వలస రైతులు కట్టుకున్న గిల్లేసూగూరు క్యాంపులో బుల్లెమ్మ పొద్దున్నే కుచ్చెళ్లు ఎగదోపి గులాబీ కుండీల్లో కలుపు పీకుతుంది. మొగ్గ తొడగనివ్వదు, వేరు మిగలనివ్వదు. పీకినదాన్ని గోడవతలికి విసిరి, చేతులు దులుపుకుంటూ పక్కింటి నింగమ్మ గుమ్మం వైపు చూస్తుంది. అక్కడ పాత రంగుడబ్బాలో ఆవగింజంత ఆకుల మొక్క ఒకటి గుబురుగా పెరిగింది. నీళ్లు చిలకరిస్తే దాని మొగ్గలు చిట్లి, పుప్పొడి పొగలా లేస్తుంది. వీధి పిల్లలంతా అక్కడే. బుల్లెమ్మ గులాబీలను చూసే నాథుడు లేడు. వారం రోజులు లోలోపల కుతకుతలాడి, చివరికి గోడ మీంచి అడిగింది.

"అది ఏ నర్సరీలో కొన్నావే నింగమ్మా?"

"కొనుడేంది అక్కా. నువ్వు పీకి పారేసిందే గది. గోడకాడ పడుంటె తెచ్చి నాటిన," అంది నింగమ్మ నవ్వుతూ.

మర్నాటి నుంచి బుల్లెమ్మ కలుపును గోడవతలికి విసరడం లేదు. నీళ్లపొయ్యిలో వేసి, పొగ ఆగేదాకా అక్కడే నిలబడుతోంది.