కుడి అద్దం వెనక మూడు గీతలు

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం లేదు గానీ భయాలకు మాత్రం లోటు లేదు. తిరుపతిలో మేనమామ ఇంట్లో ఉంటూ పని వెతుక్కునేవాణ్ణి. మామ తన నీలం కారు తాళంచెవి ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. రెండు పక్క అద్దాల వెనకా నామాలు తనే పెయింటుతో దిద్దుకున్నాడు. ఆయన తెల్లవారుజామునే నడిచి కొండకు వెళ్లిన రోజు చూసి, ఆ కారులో శ్రీసిటీకి ఇంటర్వ్యూకి పోయాను. (బస్సులో పోతానని ఆయనకు చెప్పాను. కారులో దిగితే మర్యాదగా ఉంటుందని నా ఆశ.) తిరిగి వస్తుంటే శ్రీకాళహస్తి దగ్గర ఎదురుగా వచ్చిన లారీ ఒకటి రాసుకుంటూ పోయి కుడి అద్దాన్ని ఊడగొట్టింది.

తెలిస్తే మామ కొట్టడు, తిట్టడు. మాట్లాడడం మానేస్తాడు. నాకు ఆ ఊళ్లో ఉన్న ఆసరా ఆయనొక్కడే కాబట్టి అదే పెద్ద భయం. కొండమీద రద్దీ బాగా ఉండాలనీ, మామకు దర్శనం ఆలస్యం కావాలనీ స్వామికి మొక్కుకున్న భక్తుణ్ణి బహుశా నేనొక్కణ్ణే.

రేణిగుంట దగ్గర పాత బండ్లు విప్పి అమ్మే గుజిరీ ఒకటుంటే అందులో దూరాను. దాని యజమాని మంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఇరిగింది తెచ్చినావా అప్పా?" అన్నాడు.

సర్టిఫికెట్ల సంచిలోంచి తీసి చూపించాను.

"కార్లయి ఆడుండాయి, నువ్వే ఎతుక్కో. రంగు తర్వాత, ముందు వైరు గుచ్చే కాడ సూడు. అది కుదిరితే అన్నీ కుదురుతాయి."

ఇంటర్వ్యూ చొక్కాతో పాత తలుపుల గుట్టల మధ్య పాకాను. గంటన్నరకు దుమ్ము, గ్రీజు పట్టిన నీలం అద్దం ఒకటి దొరికింది. వైరు కుదిరింది. వాళ్లే బిగించారు. నేను గాజును మూడుసార్లు తుడిచి, కారును ఇంటి ముందు ఎప్పటి చోటే నిలిపి, తాళంచెవి మేకుకు తగిలించాను.

సాయంత్రం మామ గుండుతో వచ్చాడు. లడ్ల సంచి అత్త చేతికిచ్చి, తువ్వాలు తడుపుకుని నేరుగా కారు దగ్గరికి పోయాడు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఎడమ అద్దం వెనక తుడిచాడు, నామాలు మెరిశాయి. కుడి అద్దం వెనక తుడిచాడు. దుమ్ము కింద నుంచి ఒక తెల్లగీత బయటపడింది. అడ్డంగా. తర్వాత రెండోది, మూడోది. ఎవరో శివభక్తుడు ముచ్చటపడి వేయించుకున్న విభూతి రేఖలు.

మామ చాలాసేపు వాటినే చూసి, తల ఎత్తకుండా అడిగాడు.

"పని దొరికిందా అబ్బోడా?"

"చెప్పి పంపిస్తామన్నారు మామా."

"కాళహస్తి మీద పోయి శివయ్యను ఎంటబెట్టుకోనొచ్చినావు. ఇంగ తుడిసేదెట్ల, ఉండనీ." తువ్వాలు పిండాడు. "ఈసారి అడుగు. ఇయ్యను గానీ, అడుగు."

ఆ ఉద్యోగం రాలేదు. మళ్లీ ఇంకో ఫ్యాక్టరీవాళ్లు ఇంటర్వ్యూకి పిలిచినప్పుడు అడిగాను. ఇవ్వలేదు. తనే నన్ను కూర్చోబెట్టుకుని తీసుకెళ్లి, నేను బయటికొచ్చేదాకా ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎండలో నిలబడ్డాడు.

ఇప్పుడు నాకు సొంత కారుంది. దాని ఎడమ అద్దం వెనక నామం, కుడి అద్దం వెనక మూడు గీతలు. తుడిచినప్పుడల్లా, గాజును మూడుసార్లు రుద్ది దాని వెనకవైపు ఒక్కసారీ చూడని ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆ రోజు పొద్దున్నే అడిగుంటే మామ కొండను మర్నాటికి వాయిదా వేసుకునేవాడేమో.