పది రౌండ్లు

పీటీ మేడమ్‌కి ముక్కు మీద కోపం అని స్కూలంతా చెప్పుకుంటుంది. అది పాత మాట. ఆవిడ కోపం ముక్కు దాటి నెత్తికెక్కి చాలా కాలమైంది. ఎక్కక ఏం చేస్తుంది? కాలేజీ రోజుల్లో ఎనిమిది వందల మీటర్ల పరుగులో ఎవరినీ ముందుకు పోనివ్వని మనిషి. ఇరవై ఆరేళ్ళుగా ఆ స్కూల్లో ఉద్యోగం. పొద్దున్నే పిల్లల్ని లైన్లలో నిలబెట్టాలి. గోళ్ళు చూడాలి, బూట్లు చూడాలి. ఏ టీచరుకి జ్వరమొస్తే ఆ క్లాసులో వెళ్ళి కూర్చోవాలి. సాయంత్రం బస్సుల దగ్గర నిలబడి తలలు లెక్కపెట్టాలి. ఇన్నిటి మధ్య ఆటలు ఆడించడానికి మాత్రం ఎవరూ తీరిక ఇవ్వరు. టీచర్ల గదిలో ఆవిడ ఆటలో అరటిపండు. మీటింగుకి పిలుస్తారు, కుర్చీ వేస్తారు, టీ కూడా ఇస్తారు, అభిప్రాయం అడగరు.

ఆ ఏడాది ఏడో తరగతికి వారానికి రెండు ఆటల పీరియడ్లు మిగిలాయి. ఆ రెండింటి మీదా లెక్కల మాస్టారి కన్ను పడింది. ఆయన చెడ్డవాడైనా బాగుండేది, హాయిగా పోట్లాడొచ్చు. చేతులు జోడించి, నవ్వుతూ అడిగే రకం.

“మేడమ్, ఈ ఒక్కసారికి మీ పీరియడ్ ఇచ్చేయండి. భిన్నాలు మిగిలిపోయాయి.”

“పోయిన వారం కూడా భిన్నాలే కదండీ మాస్టారూ?”

“అవి వేరే భిన్నాలండీ.”

మూడు వారాలు అలాగే పోయాయి. నాలుగో వారం ఆవిడ ఇక ఆగలేక రెండో అంతస్తులో ఉన్న పెద్ద మేడమ్ గదికి వెళ్ళి గట్టిగానే అడిగింది. పెద్ద మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ కళ్ళజోడు తీసిందంటే పని జరగదని టీచర్లందరికీ తెలుసు.

“చూడమ్మా, లెక్కల మాస్టారు మార్కులు చూపిస్తున్నారు. నువ్వేం చూపిస్తావు? పిల్లలు ఎగిరితే ఏమొస్తుందో నాకూ అంకెల్లో చూపించు. నెలాఖరు దాకా టైమిస్తాను. లేకపోతే ఆ రెండు పీరియడ్లూ లెక్కలకి రాసేస్తాను.”

అంకెలే కదా, చూపిస్తాననుకుంది పీటీ మేడమ్. హాల్లో స్టేజీ ముందు మోకాలికి కాస్త కిందకి వచ్చే చెక్కబల్ల ఒకటి ఉంది. దాని మీదకి మూడు నిమిషాల పాటు ఎక్కడం, దిగడం. తర్వాత ఒక్క నిమిషం కూర్చోవడం. అప్పుడు మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టడం. ఏడో తరగతిలో ముప్ఫై ఎనిమిది మంది. మధ్యాహ్నం భోజనం బెల్లులో తన డబ్బా పక్కన పెట్టి, రోజుకి పదిమంది చొప్పున నాలుగు రోజుల్లో పూర్తి చేసింది.

“గుండె కూడా కండే,” అని పిల్లలకి చెప్పింది. “దానికి రోజూ పని చెబితే బలపడుతుంది. ఒక్కసారి కొట్టుకున్నా ఎక్కువ రక్తాన్ని పంపుతుంది. అందుకని ఊరికే కంగారుపడదు, పరిగెత్తి ఆగాక తొందరగా నెమ్మదిస్తుంది. పనే చెప్పకపోతే నాలుగు మెట్లెక్కినా గాభరా పడిపోతుంది. ఇది జబ్బు కాదర్రా, అలవాటు లేకపోవడం. కానీ చిన్నప్పటి నుంచీ అలా కూర్చోబెట్టేస్తే పెద్దయ్యాక జబ్బు దాకా పోవచ్చు.”

మూడో రోజుకే ఆవిడకి గుండె జారిపోయింది. సగం మందికి పైగా నిమిషం కూర్చున్నాక కూడా ఇంకా ఒగరుస్తూనే ఉన్నారు. పన్నెండేళ్ళ పిల్లలు! అప్పటిదాకా చూసినవాళ్ళలో ఒక్కర్తి గుండె మాత్రం గడియారంలా కుదురుగా ఉంది. నిమిషానికి ఎనభై నాలుగు. అది ఎవరిదో కాదు, స్కూలంతా గోలపిల్ల అని పిలిచే పిల్లది.

పీటీ మేడమ్ నమ్మలేక మళ్ళీ ఎక్కించింది. మళ్ళీ ఎనభై నాలుగే.

“ఇంటి దగ్గర ఏమన్నా ఆడతావా?”

“లేదు మేడమ్. మాది మూడో అంతస్తు. కింద ఆడితే అంకుల్ తిడతాడు.”

“మరి?”

“రోజూ రౌండ్లు కొడతాను కదా మేడమ్.” గోలపిల్ల వేళ్ళు మడిచింది. “ఇంగ్లీషు మేడమ్ ఐదు, సైన్సు సార్ పది, మాట్లాడినందుకు లెక్కల మాస్టారు ఐదు. నిన్న మీరు కూడా ఇచ్చారు.”

పీటీ మేడమ్‌కి మొదట నవ్వొచ్చింది. స్కూలంతా కలిసి, తెలియకుండా, ఒకే ఒక్క పిల్లకి మంచి గుండె తయారుచేసింది! బుద్ధిగా కూర్చున్నవాళ్ళందరూ అలా కూర్చునే పాడవుతున్నారు. ఆ నవ్వు ఆఖరి రోజు దాకా ఉంది. ఆఖరి రోజున వచ్చింది ఫస్టు ర్యాంకు పిల్ల.

తెల్లగా ఉతికిన సాక్సు, నూనె రాసి బిగించిన రెండు జడలు. మూడు నిమిషాలు ఎక్కి దిగేసరికి ఆ పిల్ల పెదాలు పాలిపోయాయి. క్లాసు మొత్తంలో ఆ పిల్ల నాడే అందరికన్నా ఎక్కువ. మేడమ్ నీళ్ళిచ్చి పక్కన కూర్చోబెట్టుకుంటే వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది.

“నొప్పిగా ఉందా తల్లీ?”

“లేదు మేడమ్. నాకెప్పుడూ పనిష్మెంట్ రాలేదు. బుద్ధిగా ఉంటే పరిగెత్తే పనుండదని నాన్న చెప్పారు. నేను బుద్ధిగానే ఉన్నాను కదా మేడమ్?”

 ఆ రౌండ్ల శిక్ష కనిపెట్టింది ఆవిడే. ఉద్యోగంలో చేరిన కొత్తలో టీచర్లు బెత్తాలు పట్టుకుని తిరుగుతుంటే చూడలేక, “కొట్టకండి, నా దగ్గరికి పంపండి, పది రౌండ్లు పరిగెత్తిస్తాను,” అని తనే అంది. గొప్ప మంచి పని చేశాననుకుంది. పరిగెత్తడమంటే తప్పు చేసినవాళ్ళ పని అని ఇరవై ఆరేళ్ళుగా పిల్లల తలల్లోకి ఎక్కించింది తనేనని ఆ రోజు తెలిసింది. తన మీద తనకి అంత కోపం ఎప్పుడూ రాలేదు.

ఆ కోపంలోనే రిపోర్టు రాసింది. ఏదీ దాచలేదు. శిక్షగా పరిగెత్తే పిల్ల గుండె బాగుందనీ, మిగతావాళ్ళకి ఆ పరుగు ఆటగా దొరకాలనీ, రెండు కాదు, రోజుకో పీరియడ్ కావాలనీ మూడు పేజీలు రాసి, పేరు పేరునా అంకెలు వేసి పెద్ద మేడమ్ చేతికిచ్చింది.

పెద్ద మేడమ్ మూడు పేజీలూ చదివింది. చదివి, అందులో ఒకే ఒక్క ముక్క పట్టుకుంది.

“పిల్లల్ని శిక్షగా పరిగెత్తిస్తున్నామని కాగితం మీద రాశావా? ఇది ఏ తల్లిదండ్రుల చేతిలోనైనా పడితే మన గతేం కాను?”

మర్నాటికల్లా నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. ఇకనుంచి ఏ కారణంతోనూ పిల్లలెవరినీ గ్రౌండు చుట్టూ పరిగెత్తించరాదు. అల్లరి చేసినవారిని గోడ పక్కన నిలబెట్టవలెను. రెండు ఆటల పీరియడ్లూ లెక్కలకి పోయాయి. లెక్కల మాస్టారు పాపం మొహమాటపడి, “నేను అడగలేదండీ, పెద్ద మేడమే ఇచ్చారు,” అన్నాడు.

ఆరు వారాలు గడిచాయి. గోలపిల్ల గోల తగ్గలేదు కానీ, ఇప్పుడు రోజుకి మూడు పీరియడ్లు గోడకి ఆనుకుని నిలబడుతోంది. ఒకరోజు మేడమ్ ఊరికే ఆ పిల్లని మళ్ళీ చెక్కబల్ల ఎక్కించి నాడి చూసింది. తొంభై ఎనిమిది. ఉన్న ఒక్క మంచి గుండెనీ తన రిపోర్టుతో తనే పాడుచేసినట్టయింది. ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెలు తోముతూ ఆవిడ చేసిన చప్పుడికి భర్త టీవీ కట్టేసి వచ్చాడు.

“నీకెందుకే ఇదంతా? నాలుగేళ్ళలో రిటైరవుతావు.”

“నాలుగేళ్ళు కూడా గోళ్ళు చూస్తూ కూర్చోనా?” అని ఆయన మీద విరుచుకుపడింది. ఆయన చేసిన తప్పేమీ లేదు. దగ్గర్లో ఇంకెవరూ లేకపోవడమే ఆయన ఖర్మ.

తెల్లారి స్కూలు బస్సులు వచ్చేసరికి ఏడున్నర. మొదటి బెల్లుకి ఇంకా నలభై నిమిషాలు. రోజూ ఆ నలభై నిమిషాలూ పిల్లలు క్లాసుల్లో కూర్చుని ఉంటారు. ఆ రోజు కిటికీల్లోంచి చూస్తే పీటీ మేడమ్ ఒక్కర్తే గ్రౌండు చుట్టూ పరిగెడుతోంది. యాభై నాలుగేళ్ళ మనిషి, ఎడమ మోకాలికి పట్టీ కట్టుకుని. పిల్లల్ని పరిగెత్తించకూడదని కాగితంలో ఉంది. టీచరు పరిగెత్తకూడదని లేదు.

“మేడమ్‌కి పెద్ద మేడమ్ పనిష్మెంట్ ఇచ్చింది రోయ్!” అని ఎవరో అరిచారు. స్కూలంతా విరగబడి నవ్వింది. ఆవిడ ఆగలేదు, ఎవర్నీ రమ్మనలేదు. రెండో రోజు గోలపిల్ల పక్కకొచ్చి చేరింది. మూడో రోజు పదిమంది వచ్చారు. కొందరు పరిగెత్తారు, కొందరు నడిచారు, ఇద్దరు మధ్యలో కూర్చుని కబుర్లు చెప్పుకుని మళ్ళీ లేచారు. వారం తిరిగేసరికి గ్రౌండు సందడిగా ఉంది. ఆ సోమవారం ఫస్టు ర్యాంకు పిల్ల సంచీ మెట్ల మీద పెట్టి, భయం భయంగా వాళ్ళ వెనక నడిచింది. సగం రౌండు తర్వాత చిన్నగా పరుగందుకుంది.

గేటు దగ్గర కారు వెనక్కి తిప్పుకుంటున్న ఆ పిల్ల నాన్న అది చూశాడు. కారు అక్కడే వదిలేసి వచ్చాడు. నలభై దగ్గరపడిన మనిషి, నడుం చుట్టూ బాగా ఒళ్ళు.

“మా అమ్మాయి ఏం తప్పు చేసిందని పరిగెత్తిస్తున్నారు?”

“తప్పేం చేయలేదండీ. తనంతట తనే...”

“నాకు చెప్పకండి మేడమ్. మీ సంగతి నాకు బాగా తెలుసు. నేనూ ఈ స్కూల్లోనే చదివాను. ఏడో క్లాసు. హోంవర్కు ఇంట్లో మర్చిపోతే పది రౌండ్లన్నారు. అప్పుడూ నేను లావే. ఆరో రౌండులో పడిపోయాను. క్లాసంతా నవ్వింది. మీరు మళ్ళీ విజిల్ ఊదారు. లేచి పరిగెత్తాను. ఇదుగో, ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఇంకెప్పుడూ పరిగెత్తలేదు.”

మేడమ్ ఆ మొహంలోకి ఎంత చూసినా ఆ పిల్లవాడు గుర్తుకు రాలేదు. అలా ఎంతమందిని పరిగెత్తించిందో! గుర్తుకు రాకపోవడమే ఆవిడకి ఎక్కువ సిగ్గనిపించింది.

“పదండి, పెద్ద మేడమ్ దగ్గరే తేలుద్దాం,” అని అతను మెట్ల వైపు నడిచాడు. ఆ గదిలో అతను ఒక్క మాటంటే చాలు, ఈ పొద్దుటి పరుగు కూడా ఆగిపోతుంది. తన ఉద్యోగమూ ఎటో అటు తేలుతుంది. అయినా ఆవిడ అతన్ని ఆపలేదు. పక్కనే మెట్లెక్కింది.

మొదటి అంతస్తు దాటి సగం మెట్లెక్కేసరికి అతను ఆగి గోడ పట్టుకున్నాడు. నుదుటి మీద చెమట. మాట్లాడబోతే ఊపిరి అందలేదు. ఆవిడ చెయ్యి అలవాటు కొద్దీ అతని మణికట్టు మీదకి పోయింది. అతను చెయ్యి లాక్కోలేదు. ఆవిడ గడియారం చూస్తూ నిమిషం పూర్తిగా లెక్కపెట్టింది.

“ఎంత?” అన్నాడు.

“నూట నలభై రెండు.”

“మాత్రలు వేసుకుంటున్నాను. బీపీకి.” మిగిలిన మెట్ల వైపు చూశాడు. “మీరేదో పరీక్ష చేశారంట కదా. మా అమ్మాయి చెప్పింది. దానికెంతొచ్చింది?”

ఆవిడకి అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయింది.

“నూట నలభై.”

కింద గ్రౌండులో పిల్లల అరుపులు వినిపిస్తున్నాయి. అతను మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఆవిడ మోకాలు పట్టుకుని ఒక మెట్టు కింద కూర్చుంది.

“నన్ను క్షమించు నాయనా,” అంది. “నాకు నువ్వు గుర్తు కూడా లేవు.”

 అతను చేతి గుడ్డతో మొహం తుడుచుకుని లేచాడు. పైకి పోలేదు. గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగుతూ, ఆవిడ వైపు చూడకుండా అన్నాడు.

“దాన్ని పరిగెత్తనివ్వండి మేడమ్. విజిల్ మాత్రం ఊదకండి.”